చెన్నై టీ నగర్ ఆడిటర్ ఆఫీసు: ఎన్నారై ఓనర్లకీ, వాళ్ల ఇళ్లలో అద్దెకుండేవాళ్లకీ (5కి 4)

మా అక్కావాళ్లు డాలస్‌లో ఉంటారు, వేళచ్చేరిలో వాళ్ల ఫ్లాటు పనులు పవర్ ఆఫ్ అటార్నీతో నేనే చూస్తుంటాను. కొత్తగా దిగబోయే గుంటూరు కుర్రాళ్లతో అగ్రిమెంట్ రాయించడానికి పాండీ బజార్ దగ్గరున్న ఈ ఆఫీసుకి వెళ్లాం. అగ్రిమెంట్ సంగతి ఎత్తకముందే ఆడిటర్ గారు అడిగింది ఒకటే, ఓనరు ఏ దేశంలో ఉంటారు, అద్దె ఏ అకౌంట్లో పడుతుంది అని. బ్రోకరు నెల అద్దె కమీషన్ తీసుకుని కూడా ఈ మాట ఎత్తలేదు.

విషయం ఏంటంటే, ఓనరు ఇక్కడే ఉంటే అద్దె నెలకి 50,000 దాటితేనే అద్దెకున్న మామూలు మనిషి టీడీఎస్ (అద్దె ఇచ్చేముందే అందులోంచి తీసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకోవాలి. ఎన్నారై అయితే ఆ పరిమితే లేదు, మామూలుగా సెస్సుతో (పన్ను మీద వేసే అదనపు పన్నుతో) కలిపి అద్దెలో 31.2 శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, కట్టకపోతే నోటీసు వచ్చేది అద్దెకున్నవాళ్లకే. పాపం ఆ పిల్లలకి చాలా టెన్షన్ పట్టుకుంది. ఫీజు ఇచ్చేది మేమైనా ఆయన వాళ్లని కూర్చోబెట్టి తెలుగులోనే ఓపిగ్గా చెప్పారు, టాన్ నంబరు (టీడీఎస్ కట్టేవాళ్లు తీసుకోవాల్సిన నంబరు) కూడా తీయించి ఇచ్చారు. ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే తక్కువ పట్టుకోవచ్చని, ఎక్కువ పోయినది రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవచ్చని అక్కకి వీడియో కాల్‌లో వివరించారు.

అడ్వాన్స్ దగ్గర ఇంకా నచ్చారు. తమిళనాడు 2017 చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, 3 నెలల అద్దెకి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు, ఖాళీ చేశాక నెలలోపు తిరిగి ఇచ్చేయాలి. ఇక్కడ 10 నెలలు అడగడం అలవాటైపోయింది కాబట్టి ఆ "తప్ప" అనే మాటని ఓనర్ల తరఫున వాడుకునేవాళ్లే ఎక్కువ. ఈయన మాత్రం రెండు వైపులా చదివి వినిపించి, 3 నెలలకే రాయించి, అగ్రిమెంట్‌ని రెంట్ అథారిటీ (ఆ చట్టం కింద అద్దె ఒప్పందాలు చూసే అధికారి) దగ్గర రిజిస్టర్ చేయించారు.

డీమ్యాట్ (షేర్లు దాచుకునే అకౌంట్) సంగతీ అక్కడే తేలింది. అక్క ఇక్కడున్నప్పటి అకౌంట్ అలాగే ఉండిపోయింది. ఎన్నారై అయ్యాక సేవింగ్స్ అకౌంట్ ఎన్నార్వోగా (ఎన్నారైలు ఇక్కడి ఆదాయం వేసుకునే అకౌంట్‌గా) మారాలి, ఎన్నార్వో డీమ్యాట్ కొత్తగా తెరిచి పాత షేర్లు అందులోకి మార్చుకోవాలి. ఇంట్రాడే ట్రేడింగ్ (షేర్లు కొన్న రోజే అమ్మేయడం) ఎన్నారైలకి కుదరదు, బావకి అది వినగానే ముఖం మాడిపోయింది. అద్దె డబ్బులూ, షేర్లు అమ్మిన డబ్బులూ ఎన్నార్వోలో పడతాయి, పన్ను కట్టాక ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చట.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, డీమ్యాట్ కాగితాలు అమెరికాలో అటెస్ట్ చేయించి పంపాలని ముందే చెప్పకుండా సగం పని అయ్యాక చెప్పారు, దాంతో కొరియర్ కోసం వారాలు ఎదురుచూశాం. టాన్ తీయడం, ప్రతి క్వార్టర్ టీడీఎస్ రిటర్న్ వేయడం, డీమ్యాట్ మార్పు, ఈ మూడింటికీ ఫీజు విడివిడిగా ఉంటుంది, ముందే కాగితం మీద రాయించుకోండి. ఓనరు పాన్, పాస్‌పోర్ట్, వీసా కాపీలు పట్టుకెళ్తే మళ్లీ తిరిగే పని ఉండదు.