ఫైర్‌మ్యాన్ కావాలంటే: డిప్లొమానా, బోర్డు పరీక్షా, సీఐఎస్ఎఫా, ఎయిర్‌పోర్టా?

'ఫైర్ అండ్ సేఫ్టీ' డిప్లొమా చేస్తే ఫైర్‌మ్యాన్ ఉద్యోగం ఖాయమని కోచింగ్ బోర్డుల మీద రాస్తారు. నమ్మొద్దు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫైర్‌మ్యాన్ పోస్టులు పోలీసు నియామక మండలి ద్వారానే భర్తీ అవుతాయి, చదువు ఇంటర్ చాలు. హోస్ (నీళ్ల గొట్టం) పరిచి చుట్టడం, నిచ్చెన ఎక్కడం, గాలి సిలిండర్ వీపుకు తగిలించుకుని పొగలోకి వెళ్లడం, ఇదంతా ఎంపికయ్యాక శాఖే నేర్పుతుంది. తెలంగాణలో ఆ శిక్షణ వట్టినాగులపల్లిలో. డిప్లొమా పనికొచ్చేది ఫ్యాక్టరీలు, మాల్స్, గల్ఫ్ సైట్లలో: ఎక్స్‌టింగ్విషర్లు తనిఖీ చేయడం, వెల్డింగ్‌కు పర్మిట్ ఇవ్వడం, డ్రిల్లులు చేయించడం. మంచి పనే, కానీ మంటలార్పే ఉద్యోగం కాదు.

అసలు పోటీ రాష్ట్ర ఫైర్‌మ్యాన్‌కూ, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) కానిస్టేబుల్ (ఫైర్)కూ మధ్య. ముందు టేపు తీసి ఎత్తు చూసుకోండి. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 167.6 సెంటీమీటర్లు, సీఐఎస్ఎఫ్‌కు సాధారణంగా 170. సాయంత్రానికి వెన్నెముక కాస్త కుంగి ఎత్తు ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా తగ్గొచ్చు. అందుకే అంచున ఉన్నవాళ్లు సాయంత్రం, చెప్పుల్లేకుండా కొలిచిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

తర్వాత చూడాల్సింది ఇంటర్ గ్రూపు. సీఐఎస్ఎఫ్‌కు సైన్స్ తప్పనిసరి, అంటే ఎంపీసీ, బైపీసీ వాళ్లే. సీఈసీ, హెచ్ఈసీ వాళ్లకు రాష్ట్ర పోస్టే దారి. సీఐఎస్ఎఫ్‌కు వయసు 18 నుంచి 23, అద్దాల్లేకుండా చూపు ఒక కంటికి 6/6, రెండోదానికి 6/9 ఉండాలి. రాత పరీక్ష హిందీ, ఇంగ్లిష్‌లోనే. 100 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు కోత లేదు. రాష్ట్ర పరీక్ష తెలుగులో రాయొచ్చు. ఊళ్లో తెలుగు మీడియం చదివినవాడికి ఈ ఒక్క తేడా చాలు.

పరుగు లెక్క వేరు. తెలంగాణలో 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, ఒక్కోటి 1:48. సీఐఎస్ఎఫ్‌లో 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో: పన్నెండున్నర రౌండ్లు, ఒక్కోటి 1:55. చాలామంది దెబ్బతినేది మొదటి రౌండ్‌లోనే. గుంపుతోపాటు 80 సెకన్లలో కొట్టేసి మూడో రౌండ్‌కు కాళ్లు బిగుసుకుపోతాయి. తెలంగాణ పరుగుకు వాచీ పెట్టుకుని 1:46 దగ్గర నిలకడగా పరిగెత్తడం నేర్చుకోండి. తెలంగాణలో షాట్‌పుట్ కూడా ఉంది, 7.26 కిలోలది 6 మీటర్లు వేయాలి. తేలిక గుండుతో ప్రాక్టీస్ చేస్తే అసలు రోజు చెయ్యి లేవదు.

సీఐఎస్ఎఫ్ వస్తే దేశంలో ఎక్కడికైనా వెళ్లాలి. వాళ్ల ఫైర్ శిక్షణ సంస్థ హైదరాబాద్‌లోనే ఉన్నా పోస్టింగ్‌కు దాంతో సంబంధం లేదు. ఇంటికి దగ్గరగా ఉండాలంటే రాష్ట్ర పోస్టే మేలు. కాకపోతే నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూడాలి. 23 లోపు, 170 ఎత్తు, సైన్స్ గ్రూపు, ఈ మూడూ ఉంటే రెండూ రాయండి.

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ అసిస్టెంట్ (ఫైర్ సర్వీస్) పోస్టుకు 30 ఏళ్ల దాకా అవకాశం ఉంది, మగవాళ్లకు ఎత్తు 167. ఆడవాళ్లూ అర్హులే, సీఐఎస్ఎఫ్ ఫైర్ పోస్టులు మాత్రం మగవాళ్లకే. ఎయిర్‌పోర్ట్ పోస్టుకు అడ్డుపడేది డ్రైవింగ్ లైసెన్స్: హెవీ ఉండాలి, లేదా మీడియం తీసుకుని కనీసం ఏడాది, లైట్ తీసుకుని కనీసం రెండేళ్లు అయ్యుండాలి. నోటిఫికేషన్ వచ్చాక ఆర్‌టీవో ఆఫీసుకు పరిగెత్తితే లాభం లేదు. 18 నిండగానే కారు లైసెన్స్ తీసుకోండి, హెవీకి 20 ఏళ్లు రావాలి.

ఆఫీసర్ హోదా కావాలనుకునేవాళ్లకు నాగ్‌పూర్ నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో నాలుగేళ్ల ఫైర్ ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది. ఆ కాలేజీ కేంద్ర హోం శాఖది, 1956లో మొదలైంది. కోర్సు గట్టిదే, అయినా డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగ పరీక్షలు మళ్లీ విడిగా రాయాల్సిందే.