బేబ్ రూత్ ఆముదం చెట్టా, మహావృక్షమా?

2018 చివర్లో ఆడమ్ ఒట్టవీనో అనే బేస్‌బాల్ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) నోరు జారాడు. వందేళ్ళ కిందటి మహా బ్యాటర్ బేబ్ రూత్ గనక ఇప్పుడు నా ముందు నిలబడితే ప్రతిసారీ స్ట్రైకౌట్ చేసి, అంటే బంతిని కొట్టలేకపోయినందుకే అవుట్ చేసి పంపిస్తానన్నాడు. బ్రాడ్‌మన్‌ని రోజూ డకౌట్ చేస్తానని మన బౌలరెవడైనా అంటే ఎంత గోలవుతుందో, అమెరికాలో అంత గోలయింది. తమాషా ఏమిటంటే, ఆ మాట అన్న కొన్ని వారాలకే అతన్ని తీసుకున్నది న్యూయార్క్ యాంకీస్. అంటే రూత్ ఆడిన జట్టే.

న్యూజెర్సీలో పెరిగిన మా వాడికి పదిహేనేళ్ళు. వాడిది ఒట్టవీనో పార్టీ. "నాన్నా, ఆయన వీడియోలు చూశావా? పొట్టేసుకుని పరిగెడుతుంటాడు. ఆరన్ జడ్జ్ పక్కన నిలబెడితే పిల్లాడిలా ఉంటాడు" అంటాడు. జడ్జ్ అంటే ఇప్పటి యాంకీస్ బ్యాటర్. నేను మొదట్లో రూత్ పక్షం. పాతవాళ్ళని వెనకేసుకు రావడం వయసుతో వచ్చే జబ్బు. ఇప్పుడు మాత్రం నేను రెండు పార్టీల్లోనూ లేను. ఎందుకో చెబుతాను.

బేస్‌బాల్ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: బంతి కంచె దాటితే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. కాకపోతే సిక్సర్లు కొట్టినంత చవకగా హోమ్ రన్లు రావు. సీజన్‌కి 162 ఆటలు ఆడి 40 కొడితే మహా గొప్ప. జడ్జ్ 2022లో 62 కొట్టాడు. రూత్ 1927లో 60 కొట్టాడు, అదీ 154 ఆటల సీజన్లో.

ముందు మా వాడి వాదన చూద్దాం, ఎందుకంటే శరీరం విషయంలో వాడిదే రైటు. రూత్ ఆరడుగుల రెండంగుళాలు, 97 కిలోలు అని లెక్క (1925లో అంతకన్నా చాలా ఎక్కువే ఉండి ఉంటాడు, ఆ ఏడు సీజన్ మొదలవకముందే రైలు ప్రయాణంలో కుప్పకూలి, కడుపుకి ఆపరేషన్ చేయించుకుని, 25 హోమ్ రన్లతో సరిపెట్టుకున్నాడు). జడ్జ్ ఆరడుగుల ఏడంగుళాలు, దాదాపు 128 కిలోలు. జడ్జ్ బ్యాటుకి తగిలిన బంతి ఒకసారి గంటకి 195 కిలోమీటర్ల వేగంతో బయటికెళ్ళినట్టు రాడార్ కొలిచింది. రూత్ కాలంలో కొలిచే యంత్రమే లేదు. అయినా ఆ తూకంలో రూత్ నెగ్గుతాడని నేనూ అనను.

ఎదురుగా ఉన్న పిచర్ల సంగతి ఇంకా ముఖ్యం. పోయినేడు వేసవిలో మా వాడు నన్ను బ్యాటింగ్ కేజ్‌కి లాక్కెళ్ళాడు. వల కట్టిన గది, అవతల బంతులు విసిరే మెషీన్. గుంటూరులో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడిన చేతులు కదా, ఏముందిలే అనుకున్నా. మెషీన్ని 70 మైళ్ళకి, అంటే గంటకి 112 కిలోమీటర్లకి పెట్టాడు. మొదటి ఆరు బంతులకి నా బ్యాటు లేచేసరికి బంతి వెనక గోడకి తగిలిన చప్పుడు వినిపించింది. పిచ్ మీద పడి లేచే బంతి అయితే ఆ లేచే చోట కన్ను పెడతాం. ఇది ఎక్కడా పడదు, నేరుగా వస్తుంది. పైగా గుండ్రటి బంతి, గుండ్రటి బ్యాటు. ఏడో బంతి బ్యాటు పిడి దగ్గర తగిలింది. మోచేతి దాకా కరెంట్ షాక్ కొట్టినట్టు జివ్వుమంది. ఫోర్క్ పట్టుకోవడానికి కూడా ఆ రాత్రి ఇబ్బందే.

అది 112. ఇప్పటి మేజర్ లీగ్‌లో, అంటే అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి ఆటలో, ఫాస్ట్‌బాల్ సగటే 150 కిలోమీటర్లు దాటింది. పద్దెనిమిదిన్నర మీటర్ల దూరం, అర సెకను కూడా పట్టదు. అందులో సగం ఫాస్ట్‌బాల్ అనుకుని చూస్తే చివర్లో పక్కకి జారుకునే బంతులు. దానికి తోడు (ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్) ఏడో ఇన్నింగ్స్ వచ్చేసరికి అలిసిన పిచర్ని తీసేసి, ఒక్క ఇన్నింగ్సే ఒళ్ళు విరిగేలా విసిరే కొత్తవాణ్ణి దింపుతారు. రూత్ రోజుల్లో సగం దాకా ఆటల్లో మొదలెట్టిన పిచరే తొమ్మిది ఇన్నింగ్సూ ముగించేవాడు. పొద్దున్నుంచి కూలి చేసిన చెయ్యి అది. ఆ చేతిని నాలుగోసారి ఎదుర్కోవడం రూత్‌కి మామూలే. ఇప్పుడు 30 జట్లూ కలిసి సీజన్ మొత్తంలో కొన్ని పదుల ఆటలు అలా ముగిస్తే ఎక్కువ.

స్ట్రైకౌట్ల లెక్కలోనూ ఆ తేడా కనిపిస్తుంది. అప్పట్లో ఒక జట్టు ఆటకి మూడుసార్లు అలా అవుటయ్యేది. ఇప్పుడు ఎనిమిది దాటింది. రూత్ 60 కొట్టిన ఏడు 89 స్ట్రైకౌట్లయ్యాడు. జడ్జ్ 62 కొట్టిన ఏడు 175. జడ్జ్ చేతకానివాడై కాదు, విసిరేవాళ్ళు అలా తయారయ్యారు.

పైగా రూత్ ఆడిందంతా పగటి పూటే. మేజర్ లీగ్‌లో మొట్టమొదటి ఫ్లడ్‌లైట్ల ఆట 1935 మే 24న సిన్సినాటీలో జరిగింది. రూత్ కెరీర్ అప్పటికి చివరి వారంలో ఉంది.

ఇక రూత్ వైపు నుంచి. కిలో పైన బరువుండే బ్యాటు, అదీ ఇప్పటి ఆటగాళ్ళు వాడేదానికన్నా బరువు. కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో బ్యాట్లు చేసే కంపెనీ మ్యూజియం ఉంది. 1927లో రూత్ వాడిన బ్యాటొకటి అక్కడ పెట్టారు. హోమ్ రన్ కొట్టినప్పుడల్లా కంపెనీ ముద్ర చుట్టూ ఒక గాటు పెట్టుకున్నాడు. మొత్తం 21 గాట్లు. గోడ మీద గీతలు పెట్టుకునే పాలవాడి లెక్కలా ఉంటుంది.

అసలు వింత 1920లో జరిగింది. ఆ ఏడు రూత్ 54 కొట్టాడు. మేజర్ లీగ్ అంటే నిజానికి రెండు లీగులు; రూత్ ఆడిన లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న జార్జ్ సిస్లర్ కొట్టినవి 19. రూత్ ఒక్కడి లెక్క ఆ లీగ్‌లో మిగతా ఏ జట్టు మొత్తం లెక్కకన్నా ఎక్కువ. రెండు లీగులూ కలిపి ఆ ఏడు 630 హోమ్ రన్లు వస్తే, ప్రతి వందలో ఎనిమిదికి పైగా ఇతనివే. 2022లో వచ్చినవి 5,215. అందులో రూత్ వాటా ప్రకారం లెక్కేస్తే జడ్జ్ నాలుగు వందల నలభై పైన కొట్టాలి! జట్లు 16 నుంచి 30 అయ్యాయి కాబట్టి ఆ మేరకు కోసేసినా 230 దాటుతుంది. అది మనిషి వల్ల అయ్యే పని కాదు.

అంటే రూత్ మనిషి కాదా? అదేం లేదు. అప్పటి బ్యాటర్లు బంతిని ఖాళీ చూసి నేల మీద తోసేవాళ్ళు; గాల్లోకి లేపడం మొరటు ఆట అనుకునేవాళ్ళు. పాత బంతి మట్టి కొట్టుకుపోయి మెత్తబడేదాకా వాడేవాళ్ళు కూడా. 1920లో ఉమ్మి రాసి విసిరే బంతుల్ని కొత్తవాళ్ళకి నిషేధించారు, ఆ ఆగస్టులో రే చాప్‌మన్ అనే ఆటగాడు తలకి బంతి తగిలి చనిపోయాక తెల్లటి కొత్త బంతులు ఎప్పటికప్పుడు ఇవ్వడం పెరిగింది. సరిగ్గా అప్పుడే కింది నుంచి పైకి బ్యాటు ఊపే రూత్ దొరికాడు. అందరికన్నా ముందు కిటుకు కనిపెట్టినవాడికి ఉండే లాభం అది. మిగతావాళ్ళు నేర్చుకున్నాక దూరం తగ్గింది: 1927లో అతని 60కి రెండో స్థానంలో లూ గెరిగ్ 47తో ఉన్నాడు. 2022లో జడ్జ్ 62 కొట్టినప్పుడు అతని లీగ్‌లో రెండో స్థానం 40. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తన కాలంవాళ్ళ మీద జడ్జ్ ఆధిక్యమే పెద్దది. ఈ లెక్క మా వాడికి చూపించినప్పుడు వాడి మొహం చూడాలి.

ఇక్కడ ఒక పక్క మాట. రూత్ పుట్టింది 1895లో. నాగపూర్‌లోని తెలుగు కుటుంబంలో సి.కె. నాయుడు పుట్టిందీ ఆ ఏడే. 1926 డిసెంబర్లో బొంబాయిలో ఎమ్‌సీసీ మీద నాయుడు 153 కొట్టాడు, 11 సిక్సర్లతో. ఈ రోజు ఐపీఎల్‌లో కుర్రాళ్ళు కొట్టేదాంతో పోలిస్తే ఎంత అని అడిగేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు. కానీ సిక్సర్ కొట్టడం ఇంగితం కాదనుకునే రోజుల్లో పదకొండు కొట్టడం వేరు, దానికే కోట్లు ఇచ్చే రోజుల్లో కొట్టడం వేరు.

మళ్ళీ అమెరికాకి వద్దాం. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు. రూత్ ఆముదం చెట్టు అని నేను అనను. పిచర్‌గానే 94 ఆటలు గెలిచి, తర్వాత 714 హోమ్ రన్లు కొట్టినవాణ్ణి అలా అంటే కళ్ళు పోతాయి. కానీ చుట్టూ చెట్లు ఎందుకు లేవో చూడాలి కదా. పెద్ద చెట్లని కంచె బయట ఉంచారు. 1947 ఏప్రిల్లో జాకీ రాబిన్సన్ అనే నల్ల ఆటగాడు వచ్చేదాకా మేజర్ లీగులు నల్లవాళ్ళని రానివ్వలేదు. రూత్ ఇరవై రెండేళ్ళ ఆటలో ఒక్క సీజన్ కూడా అందరితో ఆడింది కాదు. సాచెల్ పేజ్ అనే నల్ల పిచర్ని చివరికి 1948లో క్లీవ్‌లాండ్ తీసుకుంది. అప్పటికి 42 ఏళ్ళు. ఆ వయసులో వచ్చి ఆరు గెలిచి ఒకటే ఓడాడు. ఇరవైల్లో ఉన్న పేజ్ రూత్‌కి ఏడాదికి నాలుగైదుసార్లు ఎదురుపడి ఉంటే ఆ 714 ఎంతయ్యేదో.

కంచె బయట ఉన్న ఇంకో చెట్టు జాష్ గిబ్సన్. నల్లవాళ్ళు విడిగా ఆడుకున్న నీగ్రో లీగుల్లో క్యాచర్, మన వికెట్ కీపర్ లాంటివాడు. బేస్‌బాల్ మహామహుల్ని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని ఫలకం మీద దాదాపు 800 హోమ్ రన్లు అని చెక్కారు, లీగ్ ఆటలూ బయటి ఆటలూ కలిపి. 2024 మేలో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆ లీగుల గణాంకాలని అధికారిక రికార్డుల్లో కలిపింది. దాంతో కెరీర్ స్లగింగ్ పట్టికలో, అంటే కొట్టిన దెబ్బల బలాన్ని చూపే లెక్కలో, దాదాపు వందేళ్ళు పైన కూర్చున్న రూత్ .690తో కిందికి దిగాడు. పైన గిబ్సన్ .718. గిబ్సన్ మాత్రం రాబిన్సన్ రావడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్ళకే చనిపోయాడు.

అందుకే నాకు హాంక్ ఆరన్ ఇష్టం. రూత్, జడ్జ్ అని వాదించేవాళ్ళు ఇద్దరూ మధ్యలో ఈయన్ని మరిచిపోతారు. ఆరన్ మొదలెట్టింది నీగ్రో లీగుల్లో, ముగించింది 1976లో. రాత్రి ఆటలు, విమాన ప్రయాణాలు, అన్ని రంగుల పిచర్లు. ఏ ఒక్క సీజన్లోనూ 50 కొట్టలేదు, ఎక్కువలో ఎక్కువ 47. కానీ మొత్తం 755. ఆ 755ని తీసేసినా అతనికి ఇంకా 3,016 హిట్లు మిగులుతాయి. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో రూత్ రికార్డు దాటేముందు నెలల తరబడి బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి, చంపేస్తామని. ఆ టెన్షన్‌లో బ్యాటు పట్టుకోవడానికి ఏ జిమ్ములో తర్ఫీదిస్తారు?

మధ్యలో స్టెరాయిడ్ల కాలం ఉంది: 1998లో మార్క్ మగ్వైర్ 70, 2001లో బారీ బాండ్స్ 73. మగ్వైర్ 2010లో తనే ఒప్పుకున్నాడు. ఆ పేజీ తిప్పేద్దాం.

జపాన్ ఆటగాడు షోహే ఓతానీ సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేసేవాళ్ళలో రూత్ తర్వాత వినిపించే పేరు అతనిదే. 2024లో 54 హోమ్ రన్లు, 59 స్టోలెన్ బేస్‌లు (పిచర్ కన్నుగప్పి ముందు బేస్‌కి పరిగెత్తడం). 2025 అక్టోబర్ 17న ప్లేఆఫ్ ఆటలో ఆరు ఇన్నింగ్స్ రన్ ఇవ్వకుండా విసిరి పదిమందిని స్ట్రైకౌట్ చేసి, తనే మూడు హోమ్ రన్లు కొట్టాడు. రూత్ కూడా ఒకే రోజు అంత చేసినట్టు లేదు. కానీ అతని మోచేతికి రెండుసార్లు ఆపరేషన్ జరిగింది. మోచేతిలో చిరిగిన లిగమెంట్‌ని (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీని) మార్చే ఆపరేషన్ మొదట చేసింది 1974లో. రూత్ రోజుల్లో పుట్టి ఉంటే ఓతానీ పిచింగ్ మొదటి గాయంతోనే ఆగిపోయేది.

కాబట్టి నన్ను తేల్చమంటే ఇలా తేలుస్తాను. రేపు ఒక్క ఆట గెలవాలంటే జడ్జ్. ఒక ఆటని తలకిందులు చేసి కొత్తగా నిలబెట్టినవాడు ఎవరంటే రూత్. ఇరవై మూడేళ్ళ పాటు ఒక్కణ్ణే నమ్ముకోవాలంటే ఆరన్.

ఈ టైమ్ మెషీన్ వాదనలన్నీ రూత్‌ని ఇప్పటికి తీసుకొస్తాయి. 1927 రూత్‌ని బ్యాటుతో సహా దింపితే మొదటి నెల ఒట్టవీనో మాటే నిజమవుతుందనుకుంటాను. ఇప్పుడే పుట్టి, ఇప్పటి తిండీ తర్ఫీదూ దొరికితే, మళ్ళీ 50 కొడతాడు. ఎవరూ అడగనిది రెండో వైపు. జడ్జ్‌ని 1927కి పంపండి అన్నాను మా వాడితో. "వంద కొడతాడు నాన్నా" అన్నాడు.

జడ్జ్ మిశ్రమ జాతి సంతతి. 1927లో యాంకీస్ అతని చేతికి బ్యాటే ఇచ్చేవాళ్ళు కాదు. మా వాడు దీనికి ఏమీ అనలేదు.

1935 మే 25, శనివారం. సిన్సినాటీలో దీపాలు వెలిగిన మర్నాడు. 40 ఏళ్ళ రూత్ అప్పటికి బోస్టన్ బ్రేవ్స్ జట్టులో ఉన్నాడు. పిట్స్‌బర్గ్‌లోని ఫోర్బ్స్ ఫీల్డ్‌లో ఒకే ఆటలో మూడు హోమ్ రన్లు కొట్టాడు. మూడోది, 714వది, కుడి వైపు స్టాండ్ పైకప్పు దాటి బయటపడింది. అంతకుముందు అక్కడ ఎవరూ ఆ పైకప్పు దాటించలేదు. అతను మళ్ళీ హోమ్ రన్ కొట్టలేదు. అదే పిట్స్‌బర్గ్‌లో, కొద్ది మైళ్ళ అవతల గ్రీన్లీ ఫీల్డ్ క్రాఫర్డ్స్ జట్టు సొంత మైదానం. ఆ జట్టు క్యాచర్ జాష్ గిబ్సన్‌కి అప్పటికి 23 ఏళ్ళు.