బీఆర్‌జెడ్‌కి ఎగ్జాస్ట్ మార్పులు: ఏడేళ్ల అనుభవం

2018లో డాలస్‌లో సెకండ్ హ్యాండ్‌గా కొన్నాను, 2013 మోడల్ సుబారు బీఆర్‌జెడ్ కారు. రెండు లీటర్ల బాక్సర్ ఇంజన్, 200 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు. నడుపుతుంటే ప్రాణం లేచొస్తుంది, చప్పుడు మాత్రం కుట్టుమిషన్‌దే.

ముందు ఎగ్జాస్ట్‌లో క్యాట్‌బ్యాక్ మార్చాను, అంటే క్యాట్ల (పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ల) తర్వాత ఉండే వెనక భాగమంతా. రెజొనేటర్, అంటే హోరుని తగ్గించే డబ్బా, లేనిది ఏరికోరి కొన్నాను. పార్కింగ్ లాట్‌లో స్టార్ట్ చేస్తే అందరూ తల తిప్పి చూసేవాళ్లు. హైవే ఎక్కాక తెలిసింది సంగతి. ఆరో గేర్‌లో 70 మైళ్లంటే ఇంజన్ దాదాపు 3000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. డ్రోన్ అనే ఆగని హోరు సరిగ్గా అక్కడే! చెవుల్లో తుమ్మెద దూరినట్టు ఒకటే హోరు. అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసి, “ఏరా, ట్రాక్టర్ మీద పోతున్నావా?” అంది. పవర్ పెరిగిందా అంటే, నాకైతే ఏమీ తెలియలేదు.

అక్కడితో ఆగాల్సింది. ఈ ఇంజన్‌కి 3500 నుంచి 4500 ఆర్‌పీఎం మధ్య టార్క్, అంటే లాగే బలం, కాస్త పడిపోతుంది. హెడర్ (ఇంజన్ నుంచి పొగని తెచ్చి కలిపే పైపులు) మార్చి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ట్యూన్ చేయిస్తే అది చాలావరకు పోతుందని విని, ట్యూన్ తర్వాత చూద్దాంలే అని వాడేసిన అన్‌ఈక్వల్ లెంగ్త్ హెడర్ ఒకటి తెచ్చాను. నాలుగు పైపుల పొడవులు సమానంగా ఉండవు కాబట్టి పొగ ఎగుడుదిగుడుగా వచ్చి కలుస్తుంది. పాత సుబారుల గుడగుడ అంతా అందులోంచి వచ్చేదే. సౌండ్ అద్భుతం, కాదనను. కానీ ఈ కారుకి మొదటి క్యాట్ కంపెనీ హెడర్‌లోనే ఉంటుంది, రెండోది ఫ్రంట్ పైప్‌లో. నేను తెచ్చినదాంట్లో క్యాటే లేదు. చెక్ ఇంజన్ లైట్ వెలిగింది, కోడ్ పీ0420, అంటే క్యాట్ సరిగ్గా పనిచేయట్లేదని. స్కానర్‌తో చెరిపేసి తెలివిగా ఎమిషన్స్ టెస్ట్‌కి వెళ్తే, మానిటర్లు (కారు తనని తాను చేసుకునే పరీక్షలు) రెడీగా లేవని వెనక్కి పంపారు. అసలు క్యాట్ తీసేయడమే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు. అది చదివింది మాత్రం ఆ తర్వాతే.

ఇంకో తలనొప్పి: పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని శబ్దం. కింద దూరి చూస్తే పైపుని బోల్టులతో బిగించే ఫ్లాంజ్ చుట్టూ కాటుక దిద్దినట్టు మసి. బిగించిన షాపువాడు పాత గాస్కెట్‌నే (అతుకులో పొగ లీకవకుండా పెట్టే పొరని) మళ్లీ పెట్టేశాడు. చిన్న గాస్కెట్ కోసం రెండు వారాలు వాల్వులేమైనా పోయాయేమోనని టెన్షన్ పడ్డాను.

ఇప్పుడున్న కాంబినేషన్‌కి నాలుగేళ్లు దాటాయి. హెడర్, ఫ్రంట్ పైప్ రెండూ కంపెనీవే, క్యాట్లతో సహా. వెనక మాత్రం రెజొనేటర్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ క్యాట్‌బ్యాక్. 5000 దాటాక గొంతు విప్పుతుంది, హైవే మీద మెదలకుండా ఉంటుంది. టార్క్ గుంట అలాగే ఉంది. ఓవర్‌టేక్ చేయాలంటే ఒక గేరు దించుతాను, అంతే. గుడగుడ పోయిందన్న బెంగ మాత్రం అప్పుడప్పుడూ ఉంటుంది.

మొదలుపెట్టేవాళ్లు ముందు వెనక భాగం ఒక్కటే మార్చి, వెయ్యి మైళ్లు నడిపి చూడండి. వీడియోల్లో సౌండ్ విని కొనకండి, డ్రోన్ వాటిలో వినిపించదు. ఎవరిదైనా కారులో కూర్చుని అరగంట హైవే మీద తిరగండి. గాస్కెట్లు ప్రతిసారీ కొత్తవే వేయించండి, నాలుగు రోజులు నడిపాక బోల్టులు మళ్లీ బిగించండి.

ఆ పాత హెడర్ ఇంకా గరాజ్‌లోనే మూల పడి ఉంది. చూడటానికి వచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే, “సౌండ్ ఎంత వస్తుంది అన్నా?”