ఏరు దాటని లెక్క: పర్లాకిమిడి బస్సులకు మార్కులు వేశాక

ఓ ఊరి నుంచి బస్సుల్లో ఎంతమందిని చేరగలమో కంప్యూటర్లో లెక్కేసి మార్కులిచ్చే పద్ధతి ఒకటుంది. అందులో నాకు బాగా నచ్చింది భాగహారం. నడకా, బస్సు కోసం నిలబడే సమయమూ కలుపుకుని 30 నిమిషాల్లో ఎంతమంది ఉన్న చోట్లకు చేరగలమో లెక్కేసి, చుట్టూ 8 కిలోమీటర్లలో ఉండే జనంతో భాగిస్తారు. వందకి ఎంత వస్తే అన్ని మార్కులు. 2019లో అంతర్జాతీయ ట్రాన్స్‌పోర్ట్ ఫోరం యూరప్ నగరాలను ఇలాగే పోల్చింది. జనం తక్కువున్నారని చిన్న ఊరికి శిక్ష పడదు. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో కూర్చుని బస్సుల కోసం అర్జీలు రాసేవాడికి ఇంకేం కావాలి?

అయితే మా ఊరికి లెక్కేసి, చేరగల చోట్లకు రంగు పడ్డ మ్యాప్ తెరవగానే తేడా కొట్టింది. రంగు మహేంద్రతనయ ఏటి దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయింది. అవతల ఆంధ్రలోని పాతపట్నం. మావాళ్లు సరుకులకీ సంబంధాలకీ వెళ్లొచ్చే ఊరు, లెక్కలో మాత్రం ఎవరికీ అందని చోటు. వెతగ్గా తెలిసిందేమిటంటే, రోడ్ల ఫైళ్లను జోన్లుగా కోసి పెట్టారు: ఒడిశా తూర్పు జోన్‌లో, ఆంధ్ర దక్షిణ జోన్‌లో. జనాభా ఫైలేమో దేశం మొత్తానిది. అంటే పాతపట్నం జనం కింద హారంలో ఉన్నారు, పైన లవంలో లేరు. మార్కులు పడిపోవా మరి? 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు వచ్చిన చీలిక ఇక్కడా వదల్లేదు.

రెండు ఫైళ్లూ అతికించాక రోడ్డు కలిసింది గానీ బస్సు కలవలేదు. సాఫ్ట్‌వేర్‌కి కావలసిన జీటీఎఫ్ఎస్ రూపంలో (బస్సు టైములు కంప్యూటర్ చదవగలిగేలా రాసే పద్ధతి) టైమ్‌టేబుల్ నాకు ఇటుదీ దొరకలేదు, అటుదీ దొరకలేదు. బస్టాండు గోడ మీది బోర్డు ఫోటో తీసి ఒక్కో టైమూ టైపు చేశాను. పెయింటు ఊడిన అంకెలకి టీ కొట్టాయనే దిక్కు. "పాతపట్నం వెళ్లడానికి కంప్యూటరెందుకు బావా, ఆటో ఎక్కు" అన్నాడు. అసలు చిక్కు అదే. ఆ దారిలో జనాన్ని మోసేవి షేర్ ఆటోలు. నిండితే కదులుతాయి, వాటికి టైమ్‌టేబుల్ ఏముంటుంది? పది నిమిషాలకొకటి అని అంచనా వేసి రాసేసరికి మార్కులు ఒక్కసారిగా లేచాయి. సంతోషించాలో, బస్సు అడిగే అర్జీ బలహీనపడిందని ఏడవాలో తెలియలేదు.

భాగహారం గురించి ఇంకో మాట. గజపతి జిల్లా కొండల్లో ఓ గూడెం తీసుకోండి. చుట్టూ జనమే తక్కువ. ఉన్న ఒక్క బస్సు వచ్చే వేళ చూసి లెక్కిస్తే మార్కులు దండిగా వస్తాయి. వెళ్లినవాడు సాయంత్రం ఇల్లు చేరతాడా అన్నది అందులో ఉండదు. అందుకే ఇప్పుడు శాతం పక్కన జనం సంఖ్యా, తిరుగు ప్రయాణం లెక్కా కూడా రాస్తున్నాను.

బరంపురంలో ఉంటే ఇన్ని తంటాలుండవు, 8 కిలోమీటర్ల వలయం సరిహద్దు దాకా రాదు. నాకు సాయంత్రాలు ఖాళీ, టైపు చేసే ఓపికుంది కాబట్టి వాడుతున్నాను. ఉద్యోగం చేసుకుంటూ ఇదంతా పెట్టుకోమని మాత్రం ఎవరికీ చెప్పలేను.