రెడీమేడ్ కోళ్ల గూడు కొనబోతున్నారా? ముందు జాలీ ఎలా కొట్టారో చూడండి

విడి పలకలుగా డబ్బాలో వచ్చి మనమే బిగించుకునే చిన్న కోళ్ల గూళ్లు ఉంటాయి కదా, అలాంటిది ఆన్‌లైన్‌లో కొనే ఆలోచన ఉంటే కాస్త ఆగండి. నేను ఫొటోలు చూసి ఆర్డర్ పెట్టేశాను. నాలుగు పెట్టల్లో ఒకటి పోయాక ఇది రాస్తున్నా. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఆ తర్వాత వెతికితే ఇదే గూడు ఇదే ఫొటోతో రకరకాల పేర్లతో కనిపించింది.

మొదటి మోసం సైజులో. 'ఆరు కోళ్లకు' అని రాసుంది. బిగించాక టేపు పెట్టి కొలిస్తే పడుకునే గది ఎనిమిది చదరపు అడుగులు కూడా లేదు. ఒక్కో కోడికి లోపల 4 చదరపు అడుగులు, బయట తిరిగే జాలీ వసారాలో 8 నుంచి 10 అనేది పెంచేవాళ్లు మామూలుగా చెప్పే లెక్క. అంటే ఇది రెండు కోళ్ల గూడు, అదీ సర్దుకుంటే.

తర్వాత వాన. పైకప్పు అంటే పల్చటి ప్లైవుడ్ మీద తారు షీటు అతికించి మేకులు కొట్టారు, అంతే. చూరు అసలు లేదు, షీటు సరిగ్గా పలక అంచు దగ్గరే ఆగిపోయింది, దాంతో కారిన నీళ్లు కింద పడకుండా అంచు పట్టుకుని వెనక్కి పాకి గోడలోకి దిగాయి. గుడ్లు పెట్టే పెట్టె మూత దగ్గర బందుల వెంట సన్నటి ధార. రెండు వానలకే కింద లాగే ట్రే ఉబ్బి ఇరుక్కుపోయింది, రెట్ట తీయాలంటే సుత్తితో కొట్టి లాగాల్సి వచ్చింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. వాన లోపలికి రాకూడదని గూడు మొత్తానికి పాలిథిన్ చుట్టేశాను, పైన గాలి కంతలతో సహా. పొద్దున తీస్తే లోపల కప్పుకి చెమటలు పట్టినట్టు నీటి బొట్లు, కళ్లు మండే వాసన. వాన చుక్క పడలేదు, అయినా తడే! కోడి రెట్టలో దాదాపు ముప్పావు వంతు నీళ్లే, పైగా అవి రాత్రంతా ఊపిరి వదులుతుంటాయి, ఆ తేమ, రెట్ట నుంచి వచ్చే అమోనియా అనే ఘాటు వాయువు బయటికి పోయే దారి నేనే మూసేశా. వాసన మన ముక్కు దాకా వచ్చిందంటే కింద వాటి తల ఎత్తులో ఇంకా ఎక్కువ ఉంటుంది. వాన జల్లు కొట్టే పక్క మూయండి, చూరు కింద, కోళ్లు కూర్చునే కర్రకి పైన, గాలి కంతలు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచండి, వాటికి జాలీ కొట్టి.

ఇక ఆ రాత్రి. చప్పుడేమీ వినలేదు. తెల్లారి వెళ్తే వసారా కింది మూల జాలీ లోపలికి మడిచి ఉంది, చుట్టూ ఈకలు. దగ్గరికెళ్లి చూస్తే స్టేపుల్ పిన్నులు వరసగా జాలీకే వేలాడుతున్నాయి, చెక్కలో చిన్న చిన్న కంతలు మాత్రం మిగిలాయి. పిన్ను కాలు నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. చెక్క వానకి నాని మెత్తబడింది, కుక్కో పిల్లో పంజాతో తోసింది, జిప్ తీసినట్టు ఊడొచ్చింది. తలుపుది మరీ అన్యాయం, చెక్క ముక్క ఒకటి మేకు చుట్టూ తిరుగుతుంది, అదే గడియట.

ఆరు మూలల కన్నాలుండే కోళ్ల వల కోడి బయటికి పోకుండా ఆపుతుంది, బయటిది లోపలికి రాకుండా ఆపలేదు. ఆ తీగని కుక్క కొరికి చింపగలదు, ఎలుకలైతే కన్నాల్లోంచే దూరతాయి. అర అంగుళం చదరపు కన్నాల వెల్డెడ్ మెష్ కొనండి, పిన్నులు వద్దు, స్క్రూకి వెడల్పు వాషర్ వేసి బిగించండి. అదే మెష్‌ని గోడ అడుగు నుంచి బయటికి ఒక అడుగు నేల మీద పరిచి రాళ్లు పెట్టండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, మెష్ తగులుతుంది, ఒక అడుగు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు. తలుపులకి ఇనుప గడియ, దానికో స్ప్రింగ్ క్లిప్.

కప్పు మీద ముడతల రేకు వేశాను, నాలుగు పక్కలా నాలుగు అంగుళాలు బయటికి, ప్లైవుడ్‌కి రేకుకి మధ్య ఖాళీ వదిలి, లేకపోతే ఎండకి లోపల ఉడికిపోతాయి. స్క్రూలు రబ్బరు వాషర్లతో ముడత పైభాగంలో వేయాలి, పల్లంలో వేస్తే నీళ్లు అక్కడే నిలిచి కారతాయి. రంగు వేసేటప్పుడు పలకల కోసిన చివర్లకి రెండు మూడు పూతలు ఎక్కువ వేయండి, నీళ్లు ఎక్కువ తాగేది అక్కడే. కాళ్ల కింద ఇటుకలు. ఇద్దరం ఎత్తితే లేచే బరువు కదా, ఈదురుగాలికి ఒకసారి జానెడు జరిగింది కూడా, అందుకని నాలుగు మూలల్లో ఇనుప కడ్డీలు దింపి ఫ్రేముకి కట్టాను.

ఇంత చేశాక డబ్బాలో వచ్చిన దాంట్లో గోడలు తప్ప ఏం మిగిలిందంటే నా దగ్గర జవాబు లేదు. ఆ ఖర్చుకి గట్టి చెక్కతో వడ్రంగి చేత చేయించుకునేవాణ్ణి.

ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు డబ్బా రాగానే జాలీని బొటనవేలితో గట్టిగా తోసి చూడండి, ఒక్క పిన్ను కదిలినా బిగించకుండానే ఫొటో తీసి వెనక్కి పంపేయండి. బిగించి, రంగు వేశాక నేను అడిగితే 'వాడిన వస్తువు, వాపసు కుదరదు' అన్నారు.