సాగర్ బుద్ధవనం: పిల్లలతో వెళ్తే గంట కాదు, పూట పెట్టుకోండి

సాగర్ ట్రిప్ అంటే మనలో చాలామందికి గేట్లు ఎత్తినప్పుడు వెళ్లి నీళ్లు చూసి, చేపల వేపుడు తిని, చీకటి పడేలోపు హైదరాబాద్ తిరిగొచ్చేయడమే. అక్కడే, డ్యామ్‌కి ఇవతల తెలంగాణ వైపు 274 ఎకరాల్లో బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు ఉంది, 2022 మేలో తెరిచారు. బడి పిల్లలున్న వాళ్లు, ముఖ్యంగా సోషల్ చెప్పే టీచర్లు దీన్ని దాటుకుని వెళ్లిపోతుంటే నాకు బాధేస్తుంది, అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

లోపల బుద్ధచరిత వనం, జాతక వనం, ధ్యాన వనం, స్తూప వనం అని విడివిడిగా ఉంటాయి, వీటితోపాటు మహాస్తూపం. అందరూ ముందు స్తూపం దగ్గరికే పరుగెత్తుతారు. అలా చేయకండి, బుద్ధచరిత వనంతో మొదలుపెట్టండి. పుట్టుక, ఇల్లు విడిచి వెళ్లడం, జ్ఞానోదయం, మొదటి బోధ, మహాపరినిర్వాణం అని బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలు అక్కడ శిల్పాల్లో కనిపిస్తాయి. ఈ ఐదూ పిల్లల చేతే వరసగా ఒకసారి చెప్పించి, అప్పుడు మహాస్తూపం దగ్గరికి తీసుకెళ్లండి.

అమరావతి స్తూపం నమూనాలో కట్టారు దాన్ని, 42 మీటర్ల వ్యాసం, 21 మీటర్ల ఎత్తు. చుట్టూ తిరిగితే నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలు, ఒక్కో వేదిక మీద ఐదేసి స్తంభాలు ఉంటాయి. వీటిని ఆయక స్తంభాలంటారు. సాంచీ స్తూపానికి ఇవి లేవు, మన కృష్ణా తీరపు స్తూపాల ప్రత్యేకత ఇది. స్తంభాలు ఐదే ఎందుకున్నాయో మీరు చెప్పేయకుండా పిల్లల్నే అడగండి, ఇందాక చూసిన ఐదు ఘట్టాలు గుర్తుంటే వాళ్లే చెప్తారు. మా అక్క కూతురు ఏడో తరగతి, కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకుని టక్కున చెప్పేసింది. శిల్పం, కట్టడం, కథ మూడూ ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేలా తోట వేయడం మామూలు విషయం కాదు, ఈ డిజైన్ చేసిన వాళ్లని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

జాతక వనంలో జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, 40 రాతి మీద చెక్కారు. ఇక్కడ మాత్రం ఇంటి దగ్గరే కొంచెం ప్రిపేర్ అయి రావాలి, ఎందుకంటే కథ తెలియని పిల్లలకి అవి ఏవో జంతువుల బొమ్మలు, ఎవరో రాజులు, అంతే. మేం ఉండగానే ఒక స్కూల్ బస్సు వచ్చింది. పిల్లల్ని లైన్‌లో నడిపించుకుంటూ, ఎక్కడా ఆగనివ్వకుండా, గ్రూప్ ఫోటో తీసి ఎక్కించుకుని వెళ్లిపోయారు. అంత దూరం తీసుకొచ్చి ఒక్క కథ కూడా చెప్పకపోతే ఎలా? 40 అక్కర్లేదు, నాలుగు కథలు ముందే చదివించి, వాటిని ఇక్కడ వెతికి పట్టుకోమనండి చాలు.

స్తూప వనంలో పేరున్న స్తూపాల చిన్న నమూనాలున్నాయి. శ్రీలంకలోని అవుకన బుద్ధ విగ్రహానికి నమూనాగా ఆ దేశం ఇచ్చిన 27 అడుగుల విగ్రహం కూడా చూడదగ్గదే, ఫోటోల జనం ఎక్కువగా అక్కడే ఉంటారు.

అయితే నా మాట వినండి, బుద్ధవనం ఒక్కటే చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు. ఇదంతా ఇక్కడే ఎందుకు కట్టారంటే, ఎదురుగా కనిపించే ఆ నీళ్ల కింద, ఒకప్పుడు ఈ కృష్ణా తీరాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉంది. 1955లో డ్యామ్‌కి శంకుస్థాపన జరిగింది, లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వాళ్లు తవ్వుతూనే ఉన్నారు. బయటపడ్డ వాటిలో కొన్నిటిని మాత్రమే పైకి తెచ్చి, నాగార్జునకొండ మీదా అనుపులోనూ మళ్లీ కట్టారు. కొండ ఇప్పుడు దీవి, లాంచీ ఎక్కి వెళ్లాలి. అక్కడి మ్యూజియంలో సుమారు 1700 ఏళ్ల నాటి అసలు శిల్పాలున్నాయి. పావురాన్ని కాపాడటానికి తన ఒంటి మాంసం ఇచ్చిన శిబి కథ మన పిల్లలకి ఎలాగూ తెలుసు, నాగార్జునకొండ శిల్పి దాన్ని ఎలా చెక్కాడో చూపించండి. తవ్వకాల్లో దొరికిన కొన్ని స్తూపాల పునాదులు లోపల బండి చక్రం చువ్వల్లా ఉంటాయి, పిల్లలకి అవి భలే నచ్చుతాయి. అనుపు ఆంధ్ర వైపు ఉంది, మెట్లతో కట్టిన పాత రంగస్థలం ఉందక్కడ, కింద ఒకరు మాట్లాడితే పై మెట్టు దాకా వినిపిస్తుందో లేదో పిల్లల్నే పరీక్షించమనండి.

ఎండాకాలం వద్దు, నల్గొండ ఎండకి పిల్లలు తట్టుకోలేరు, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. శుక్రవారం మ్యూజియం సెలవు. లాంచీ టైమింగులు ముందు రోజే ఫోన్ చేసి కనుక్కుని, ఉదయం కొండకి వెళ్లొచ్చి భోజనం చేశాక, ఎండ తగ్గాక బుద్ధవనంలోకి వెళ్లండి. నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర. చెట్లు ఇంకా పెరిగి దారంతా నీడ పడితే ఆ మిగతా అర కూడా ఇచ్చేస్తాను.