పరిశోధనకు గొట్టింగెన్, హైడెల్‌బర్గ్, ఆకెన్: ఏది మేలు?

జర్మనీలో పీహెచ్‌డీ అనగానే మనవాళ్లు ముందు ర్యాంకు చూస్తారు, ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ల జాబితా చూస్తారు. ఈ రెండింటితో ఒక ఊరి పరిశోధనలో సగం కూడా కనబడదు. మిగతాది యూనివర్సిటీ గేటు బయట, మాక్స్ ప్లాంక్, హెల్మ్‌హోల్ట్స్ లాంటి విడి పరిశోధన సంస్థల్లో ఉంటుంది. వాటిలో పనిచేసినా డాక్టరేట్ పట్టా మాత్రం యూనివర్సిటీ నుంచే వస్తుంది. అందుకే యూనివర్సిటీని చుట్టుపక్కల సంస్థలతో కలిపి చూడాలి. ఈ మూడు ఊళ్లనూ అలా పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

గొట్టింగెన్ యూనివర్సిటీ 1737లో మొదలైంది. 13 ఫ్యాకల్టీలున్నాయి కానీ ఇంజనీరింగ్ ఫ్యాకల్టీ లేదు. బీటెక్ వాళ్లు ఇక్కడే పేజీ మూసేస్తారు. అది తొందరపాటు. ఇక్కడ అడవుల శాస్త్రానికి విడిగా ఫ్యాకల్టీ ఉంది, వ్యవసాయానికి ఇంకొకటి. వీళ్లు 2012 నుంచి 2023 దాకా ఇండోనేషియాలో, సుమత్రా దీవిలోని జాంబి ప్రాంతంలో, అక్కడి యూనివర్సిటీలతో కలిసి పామాయిల్, రబ్బరు తోటల మీద పరిశోధన చేశారు. ఒక పామాయిల్ తోటలో 52 చోట్ల చిన్నచిన్న చెట్ల గుంపులు నాటి, పక్షులు, పురుగులు, నేల, దిగుబడి ఎలా మారుతున్నాయో ఏళ్ల తరబడి కొలిచారు. ఇంకో ప్రయోగంలో కలుపు మందు మానేసి యంత్రంతో కలుపు తీశారు, ఎరువూ తగ్గించారు. దిగుబడి పడిపోలేదు. అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల మీద పనిచేయాలనుకునే అగ్రికల్చర్ ఎమ్మెస్సీ వాళ్లకు ఇంత దగ్గరి పని దొరకడం అరుదు. అయితే ఆ ప్రాజెక్టు ముగిసింది. అందులో ఉద్యోగం కోసం ఇప్పుడు రాస్తే ఉపయోగం లేదు. దాని డేటా మీద, దాని కొనసాగింపు మీద పనిచేస్తున్న గ్రూపు ఏదో వెతికి పట్టుకోవాలి.

గొట్టింగెన్ రెండో బలం కణాలను, నాడులను చూసే పరికరాలు. కణత్వచంలోని ఒక్క అయాన్ చానెల్ (అయాన్లు దాటే సన్నని దారి) గుండా పోయే కరెంటును కొలిచే ప్యాచ్ క్లాంప్ పద్ధతిని నేహర్, సాక్‌మన్ ఇక్కడి మాక్స్ ప్లాంక్ సంస్థలో తయారు చేశారు. 1991లో నోబెల్ వచ్చింది. ఇందులో వాడే గాజు గొట్టం మొన సుమారు 1 మైక్రోమీటరు. అది కణానికి గట్టిగా అతుక్కుని (దీన్నే సీల్ అంటారు) గిగా ఓమ్, అంటే వంద కోట్ల ఓమ్‌ల నిరోధం రావాలి. మొన మీద కాస్త మురికి ఉన్నా సీల్ రాదు, అందుకే ప్రతి ప్రయత్నానికీ కొత్త గొట్టం తీసుకుంటారు. ఇలాంటి చేతి పని ల్యాబ్‌లో పక్కన నిలబడి చూస్తేనే వస్తుంది. సూపర్ రిజల్యూషన్ మైక్రోస్కోపీకి 2014 నోబెల్ పంచుకున్న స్టెఫాన్ హెల్ కూడా ఈ ఊరి సంస్థలోనే. న్యూరోసైన్స్, మాలిక్యులర్ బయాలజీ వాళ్లకు ఇక్కడ ఫాస్ట్ ట్రాక్ ఉంది: మొదటి ఏడాది కోర్సులు, మూడు ల్యాబ్ రొటేషన్లు (వేర్వేరు ల్యాబ్‌లలో కొన్నాళ్ల చొప్పున పని), మార్కులు బాగుంటే నేరుగా పీహెచ్‌డీ. ఏ గైడ్ కింద చేరాలో తేల్చుకోలేని వాళ్లకు దీన్ని మించిన దారి నేను చూడలేదు.

హైడెల్‌బర్గ్ 1386 నాటిది. క్యాన్సర్, వైద్యం మీద పనికి మూడింటిలో ఇదే ముందు. నాయెన్‌హైమర్ ఫెల్డ్ అనే ఒక్క క్యాంపస్‌లో యూనివర్సిటీ ఆసుపత్రులు, జాతీయ క్యాన్సర్ పరిశోధన కేంద్రం డీకేఎఫ్‌జెడ్, మాక్స్ ప్లాంక్ వైద్య పరిశోధన సంస్థ ఉన్నాయి. యూరప్ దేశాల ఉమ్మడి మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్ ఈఎమ్‌బీఎల్ ఊరి పక్కన కొండ మీద ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ వైరస్ కారణమని చూపినందుకు 2008లో నోబెల్ అందుకున్న హరాల్డ్ సుర్ హౌజెన్ డీకేఎఫ్‌జెడ్‌ను చాలా ఏళ్లు నడిపారు. కణితుల మీద కార్బన్ అయాన్లు గురిపెట్టే కేంద్రంలో కిరణాన్ని వేర్వేరు కోణాల నుంచి గురిపెట్టే తిరిగే చట్రం (గ్యాంట్రీ) ఒక్కటే 670 టన్నులు, అయినా మిల్లీమీటరు తేడా రాకుండా తిరుగుతుంది. మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ వాళ్లకు ఇంతకంటే మంచి చోటు నాకు తోచదు. ఖగోళశాస్త్రానికి కూడా మాక్స్ ప్లాంక్ సంస్థ ఇక్కడే ఉంది. ఇంజనీరింగ్ ఫ్యాకల్టీ మాత్రం 2021లోనే వచ్చింది.

మెకానికల్, మెటలర్జీ, ఎలక్ట్రికల్ వాళ్లు ఆకెన్ వైపే చూడాలి. అక్కడి సాంకేతిక యూనివర్సిటీలో మెషీన్ టూల్స్ ల్యాబ్ డబ్ల్యుజెడ్ఎల్ 1906 నుంచి నడుస్తోంది. దగ్గర్లోని యూలిష్ ఊరి పరిశోధన కేంద్రంతో ఆ యూనివర్సిటీకి 2007 నుంచి జారా అనే ఉమ్మడి వ్యవస్థ ఉంది. యూరప్ మొదటి ఎక్సాస్కేల్ (సెకనుకు 1 పక్కన 18 సున్నాలన్ని లెక్కలు చేసే) సూపర్‌కంప్యూటర్ జూపిటర్ 2025లో ఆ యూలిష్‌లోనే మొదలైంది. దూరం 30 కిలోమీటర్ల చిల్లర. ఇల్లు ఆకెన్‌లో, పని యూలిష్‌లో అయితే రోజూ ఎంత సమయం పోతుందో ముందే లెక్కేసుకోండి.

డబ్బులోనూ తేడా ఉంది. యూనివర్సిటీ జీతం రాష్ట్ర ఉద్యోగుల టీవీ-ఎల్ ఇ13 స్కేల్ మీద, చాలా సంస్థల్లో కేంద్ర ఉద్యోగుల టీవీయోడీ స్కేల్ మీద. బయాలజీలో సాధారణంగా 65 శాతం పోస్టు (పూర్తి జీతంలో 65 శాతం), ఇంజనీరింగ్‌లో తరచు 100 శాతం. పూర్తి పోస్టు చూసి మురిసిపోకండి. ఆకెన్‌లో దాని వెంట కంపెనీ ప్రాజెక్టులు, బోధన వస్తాయి, థీసిస్ 5 ఏళ్లు దాటడం మామూలే. పీహెచ్‌డీకి ముందు కాలపరిమితి కాంట్రాక్టులు మొత్తం 6 ఏళ్లే అని చట్టం ఉంది కాబట్టి ఆ గడియారం చూసుకోవాలి.

గ్రూపుకు ఇప్పుడు డబ్బుందో లేదో చూడటానికి జర్మన్ రీసెర్చ్ ఫౌండేషన్ డేటాబేస్ గెప్రిస్ ఉంది, ఉచితం. ఊరు పేరు, విషయం కొట్టి, వచ్చిన వాటిలో ఎస్ఎఫ్‌బీలు (ఆ ఫౌండేషన్ డబ్బుతో పలు గ్రూపులు కలిసి చేసే పెద్ద ప్రాజెక్టులు) చూడండి. ఒక్కో దశ 4 ఏళ్లు, ఎక్కువలో ఎక్కువ 3 దశలు. మూడో దశ చివర్లో ఉన్న ఎస్ఎఫ్‌బీలో చేరితే మీ థీసిస్ మధ్యలోనే డబ్బు అయిపోతుంది. రిటైర్మెంటుకు దగ్గరైన ప్రొఫెసర్, వేరే ఊరికి పిలుపు వచ్చిన జూనియర్ ప్రొఫెసర్ కూడా ఇలాంటి ప్రమాదమే, ఊరు మారేవాళ్లతో పరికరాలు కూడా వెళ్లిపోవచ్చు.

ఎక్కువ మంది తట్టుకుని పడేది ఇంకోచోట. సంస్థలోని గ్రూప్ లీడర్ సీటు ఇస్తారు, కానీ ఆయనకు యూనివర్సిటీలో పర్యవేక్షణ హక్కు ఉండకపోవచ్చు. అప్పుడు ఫ్యాకల్టీ నుంచి ఒక ప్రొఫెసర్ మీ థీసిస్‌కు మొదటి పరీక్షకుడిగా ఒప్పుకోవాలి. మీ ఎమ్మెస్సీ, ఎంటెక్ ఆ ఫ్యాకల్టీ విషయానికి సరిగ్గా సరిపోకపోతే అదనపు పరీక్షలు రాయమంటారు. బయోటెక్నాలజీ ఎంటెక్ వాళ్లు బయాలజీ ఫ్యాకల్టీకి వెళ్తే ఇది తరచు జరుగుతుంది. అందుకే ఇంటర్వ్యూ చివర్లో మూడు ప్రశ్నలు అడగండి: నా పట్టా ఏ ఫ్యాకల్టీ ఇస్తుంది, మొదటి పరీక్షకుడు ఎవరు, కాంట్రాక్టు ఏ నెల దాకా. మొదటి రెండింటికి సమాధానం ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకున్నాకే కాంట్రాక్టు మీద సంతకం పెట్టండి.